భజన వల్ల వచ్చే జ్వరం

మా ఊళ్ళో టైఫాయిడ్ భజన వల్ల వస్తుందని రుజువైంది. నేను ఏడో తరగతి దాకా చదువుకున్నవాణ్ణి. ఆ రుజువు ఎలా చేశారో పూర్తిగా విప్పి చెప్పలేను. అయితే ఆ భజనలు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ జ్వరం మా ఇంటికీ వచ్చింది. అందుకని తెలిసినంత మటుకు చెబుతాను.

మాది మెరకపాలెం మున్సిపాలిటీ, మగ్గాల వీధి. మగ్గాలు ఇప్పుడు లేవు, పేరు మాత్రం ఉంది. వీధి మొదట్లో నాకు పిండి మర ఉంది. సోమలింగం మర అంటే ఎవరైనా చెబుతారు.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లోనైనా జ్వరం పట్టుకుని వారం దాటినా వదలకపోతే, సాయంత్రం భజన పార్టీ ఆ ఇంటికి వెళుతుంది. నేను తాళాలు వేస్తాను. మా ఎదురింటి చిట్టబ్బాయి డోలక్ వాయిస్తాడు. వరసకి నాకు బావమరిది. మంచం పక్కన చాపలు పరుచుకుని ఓ గంట నామం చెప్పి, హారతి ఇచ్చి, జ్వరం ఉన్న మనిషి నుదుట విభూతి పెట్టి వస్తాం. ఆడవాళ్ళు మిరియాల చారు కాచి తెస్తారు. దానివల్ల జ్వరం తగ్గుతుందా అంటే, తగ్గినవాళ్ళు తగ్గిందనే చెప్పారు. తగ్గనివాళ్ళు కూడా ఆ గంటసేపు బాగుందన్నారు.

ఈ ఏడు వానలకి ముందు కేబుల్ వేయడానికని వీధి మొదట్లో తవ్వారు. మురుగుకాలవలోంచి పోయే మంచినీళ్ళ పైపు పగిలింది. కేబుల్ వేసి, మట్టి కప్పి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ కుళాయి వదలగానే మొదటి బిందె నల్లగా వచ్చేది. రెండో బిందె టీ రంగులో ఉండేది. మూడోది చూడ్డానికి తెల్లగా ఉండేది కాబట్టి అది తాగేవాళ్ళం. వానాకాలం సగం అయ్యేసరికి వీధిలో ఇల్లు విడిచి ఇల్లు టైఫాయిడ్. మేము కూడా ఇల్లు విడిచి ఇల్లు భజన.

పైపు బాగుచేయమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాం. దానికి సమాధానంగా సర్వే వచ్చింది.

చేతిలో ట్యాబు పట్టుకుని ఒకమ్మాయి మా అరుగు మీద కూర్చుంది. ఇల్లు సొంతమా, గదులెన్ని, ఫ్రిజ్ ఉందా, ఇంటి పెద్ద ఏం చదివాడు అని అడిగింది. మా ఆవిడ మాణిక్యాంబ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది.

"మూడు నెలల్లో మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ పదిమంది కూడిన కార్యక్రమం ఏమన్నా జరిగిందా అండి?"

"పక్కింట్లో భజన జరిగిందమ్మా. ఆళ్ళ పిల్లకి టైఫాయిడొచ్చింది."

"భజన, అవును. టైఫాయిడ్, అవును," అని ఆ అమ్మాయి రెండుచోట్ల నొక్కింది.

"నీళ్ళ సంగతి కూడా రాసుకో తల్లీ. ఇదుగో, వాసన చూడు."

"నీళ్ళకి ఇందులో చోటు లేదండి. ఇది సామాజిక, ఆర్థిక కారకాల సర్వే. నీళ్ళు ఇంజినీరింగ్ వాళ్ళవి."

"మేం తాగేది ఇంజినీరింగేనా అయితే?" అంది మాణిక్యాంబ. ఆ అమ్మాయి నవ్వింది గానీ దానికీ ట్యాబులో చోటు లేకపోయింది.

నెల తిరక్కుండానే మున్సిపల్ హాల్లో సభ పెట్టి ఫలితం చెప్పారు. వేదిక మీద ఆరోగ్యాధికారి త్రివిక్రమరావు గారు, ఆయన పక్కన హేమచంద్ర అనే కుర్ర నిపుణుడు. ఊళ్ళో ఎవరికి ఏ రోగం ఎందుకొస్తుందో లెక్కగట్టి చెప్పే గణాంక నమూనా ఒకటి అతను తయారుచేశాడు. దాన్ని వాళ్ళు మోడల్ అన్నారు. మోడల్ చెప్పింది, మోడల్ ఒప్పుకోదు, మోడల్‌ని అడగాలి అని వాళ్ళు అంత మర్యాదగా మాట్లాడుతుంటే, మాకు ఒట్టి పేరుతో పిలవడం బాగోలేదు. మా వీధిలో అందరం మోడల్ గారు అనడం మొదలుపెట్టాం.

త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. "పురజనులారా! వ్యాధి వ్యాప్తిని ప్రభావితం చేయు సామాజిక ఆర్థిక కారకాలను మన నమూనా సమగ్రముగా పరిశీలించినది. ఆదాయము, విద్య, ఇంటి పైకప్పు, వీటన్నిటికంటే బలమైన సంబంధము గల కారకం ఒకటి వెలుగులోకి వచ్చినది. అది గృహ భజన!"

భజన జరిగిన ఇంట్లో టైఫాయిడ్ ఉండే అవకాశం జరగని ఇంటికంటే ఎనిమిది రెట్లని తెర మీద గీత గీసి చూపించారు. ఆ గీత మా వీధి దగ్గరికి వచ్చేసరికి తాటిచెట్టులా లేచింది.

నేను లేచి నమస్కారం పెట్టాను. "బాబూ, మాకు జ్వరం వచ్చాకే భజన చేస్తామండి. భజన చేశాక జ్వరం రాలేదండి."

హేమచంద్ర మంచి కుర్రాడు. విసుక్కోలేదు. "ముందు ఏది, వెనక ఏది అన్న సంగతి మన డేటాలో లేదండి. సర్వే ఒక్కసారే చేశాం. రెండూ కలిసి ఉన్నాయి. కలిసి ఉన్నాయని మాత్రం చాలా గట్టిగా చెప్పగలం."

"వెనక ఉన్నది ముందుకెలా వచ్చింది బాబూ?"

"మీరు చెప్పేది అనుభవం," అన్నారు త్రివిక్రమరావు గారు అడ్డొచ్చి. "మేం చెప్పేది గణాంకం. అనుభవం ఒక్కరిది. గణాంకం అందరిదీ."

వెనకనుంచి చిట్టబ్బాయి అరిచాడు. "మరి పైపు సంగతేటండీ?"

"పరిశీలించాం," అన్నాడు హేమచంద్ర. "ఆ వార్డులో జ్వరం వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ అందరూ ఆ పైపు నీళ్ళే తాగుతున్నారు. అందరికీ ఒకటే అయినప్పుడు తేడా ఉండదు. తేడా లేనిది కారకం అవదు."

హాలంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అర్థంకాని మాట అంత నెమ్మదిగా చెప్పినప్పుడు కొట్టకపోతే బాగుండదు.

మర్నాడే గృహ భజన నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం జ్వరం ఉన్న ఇంట్లో భజన చేయరాదు. జ్వరం లేని ఇంట్లో చేసుకోవచ్చు గానీ, ఆ ఇంట్లో జ్వరం లేదని ముందుగా ధ్రువపత్రం తేవాలి. నా తాళాలు, చిట్టబ్బాయి డోలక్, మరో రెండు కంజిరలు వ్యాధికారక పరికరాలని చెప్పి పట్టుకెళ్ళి, ఆరోగ్య కార్యాలయంలో బ్లీచింగ్ పౌడరు చల్లి వేరే గదిలో పెట్టారు.

"బావా, నా డోలక్‌ని ఐసోలేషన్‌లో పెట్టారంట. చూడ్డానికి పోనిత్తారా?" అన్నాడు చిట్టబ్బాయి.

"కిటికీలోంచి చూడనిస్తారేమో."

"యాపిల్ పళ్ళు పట్టుకెళ్ళాలేమో మరి!"

వీధికొక శ్రవణ పర్యవేక్షకుణ్ణి వేశారు. మా వీధికి వచ్చినతని పేరు పోలారావు. సాయంత్రం అయిదింటికి నా మర ముందు బల్ల మీద కూర్చుని, ఏ ఇంట్లోంచి భజన వినిపిస్తే ఆ ఇంటి నంబరు ఫోన్లో కొట్టడం అతని ఉద్యోగం. అది నేరుగా మోడల్ గారికి వెళుతుంది. మోడల్ గారు ఆ ఇంట్లో టైఫాయిడ్ ఉందని తెల్లారేసరికి చెబుతారు. ఈ పద్ధతి ఇంత చక్కగా ఉండటం చూసి, ఇక రక్తపరీక్షలు దండగని ఆసుపత్రిలో ఆపేశారు.

మాణిక్యాంబకి జ్వరం వచ్చింది అప్పుడే.

మొదట్లో ఒళ్ళు నొప్పులంది. తర్వాత అన్నం సయించడం లేదంది. మా ఆవిడ అన్నం వద్దందంటే నాకు భయం వేసింది. ప్రభుత్వాసుపత్రికి రిక్షాలో తీసుకెళ్ళాను. చీటీ రాసే కుర్చీలో ఉన్నతను తలెత్తకుండానే అడిగాడు.

"మీ ఇంట్లో భజన జరిగిందా?"

"లేదండి. మీరే వద్దన్నారు కదండి."

"అయితే టైఫాయిడ్ కాదు. భజన జరగని ఇంట్లో వచ్చే అవకాశం నూటికి నాలుగు. నాలుగంటే రానట్టే."

మాణిక్యాంబ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "ఆ నలుగురిలో నన్నొకదాన్నని రాసుకో నాయనా," అంది.

"అలా ఎవర్ని పడితే వాళ్ళని రాయడానికి లేదమ్మా," అన్నాడతను. కోపంగా చెప్పలేదు. పాపం, అతని ఇబ్బంది అతనిది.

బజార్లో ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించాను. టైఫాయిడేనన్నాడు. మాత్రలు రాసి, "మందు నా పని, నీళ్ళు మీ పని. ఆ నీళ్ళు మళ్ళీ తాగితే మళ్ళీ వస్తుంది. ఈసారి వస్తే పేగు తట్టుకోవడం కష్టం," అన్నాడు. అప్పట్నుంచీ నీళ్ళు కాచి, గుడ్డలో వడకట్టి ఇస్తున్నాను. కాచినా ఆ వాసన పోలేదు. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసేది. మా ఇంటికి పైపు తప్ప వేరే దారి లేదు. వీధి బోరు ఎప్పుడో ఎండిపోయింది.

సాయంత్రాలు వీధి మూగగా ఉండేది. మా పెళ్ళయిన కొత్తలో మాణిక్యాంబకి ఈ భజనలు గోలగా ఉండేవి. ఇప్పుడు మంచం మీద పడుకుని, "ఎవళ్ళూ రారేంటండీ?" అనేది.

ఒకరోజు చిట్టబ్బాయి, మరో ముగ్గురు వచ్చారు. చాప పరుచుకుని కూర్చుని, పెదాలు మాత్రం కదిలించారు. శబ్దం లేదు. చిట్టబ్బాయి ఒళ్ళో లేని డోలక్ మీద వేళ్ళు ఆడించాడు. మాణిక్యాంబ కళ్ళు మూసుకుని కాలి బొటనవేలితో తాళం వేసింది. పోలారావు గుమ్మంలోకి వచ్చి, చాలాసేపు చెవి ఒగ్గి నిలబడి, చివరికి అన్నాడు.

"ఇది భజనేనా అండి?"

"నీకేమన్నా వినపడిందేటి?" అన్నాడు చిట్టబ్బాయి.

"లేదండి."

"మరింకేటి? కూచో. చారు తాగెళ్ళు."

పోలారావు కూర్చున్నాడు. వాళ్ళమ్మకి కూడా జ్వరమేనట. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదట.

భజనలు ఆగిపోయాయి కాబట్టి మోడల్ గారి లెక్కలో మా వార్డులో టైఫాయిడ్ సున్నాకి వచ్చింది. పై ఆఫీసువాళ్ళు మురిసిపోయి మెరకపాలేనికి ఉత్తమ ఆరోగ్య పురస్కారం ప్రకటించారు. ఆరోగ్య శాఖ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి ఇస్తారన్నారు. మున్సిపల్ కమిషనర్ గారి బంగళాలో విందు పెట్టారు.

త్రివిక్రమరావు గారు మా మర దగ్గరికి కారులో వచ్చారు. మరలోంచి లేచే పిండి కోటు మీద పడకుండా దూరంగా నిలబడి, "సోమలింగం గారూ, డైరెక్టరు గారికి మన ప్రాంత సంస్కృతి అంటే మక్కువ. బంగళాలో మీ బృందం భజన చేయాలని వారి అభిలాష," అన్నారు.

"భజన నిషిద్ధం కదండి."

"ఇది భజన కాదండి. సాంస్కృతిక కార్యక్రమం."

"పాడేది భజనే కదండి."

"పాడేది భజనే. జరిగేది కార్యక్రమం. పరికరాలు మేమే విడుదల చేస్తాం."

ఇంటికొచ్చి మాణిక్యాంబకి చెప్పాను. జ్వరం వచ్చాక ఆవిడ నవ్వగా నేను చూడలేదు. ఆవేళ నవ్వింది.

"వెళ్ళండి. ఏ ఇంట్లో పాడితే ఆ ఇంట్లో జ్వరం వస్తదని ఆళ్ళే కదా తేల్చారు? ఆళ్ళింట్లోనే పాడండి. అప్పుడు చూసుకుంటారు పైపు."

"తప్పు కదే. దేవుడి పేరు చెప్పుకుంటూ ఒకరింటికి జ్వరం కోరడం..."

"మీరు కోరకండి. ఆ ఇల్లు చల్లగా ఉండాలనే పాడండి. మిగతాది మోడల్ గారు చూసుకుంటారు."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. తలంటు పోసుకుని, విభూతి పెట్టుకుని వెళ్ళాను. బంగళా హాల్లో రెండు గంటలు పాడాం. డోలక్ బ్లీచింగ్ వాసన కొట్టింది గానీ పలికింది. డైరెక్టరు గారు తాళం వేశారు. ఆ ఇల్లు చల్లగా ఉండాలనీ, మా ఇల్లు కూడా ఉండాలనీ నిజంగానే మొక్కుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పోలారావు గేటు దగ్గర నిలబడి ఫోన్లో ఏదో కొడుతున్నాడు.

"ఏటయ్యా ఇక్కడ?" అన్నాను బయటికి వచ్చాక.

"భజన పార్టీ ఎక్కడికెళ్తే అక్కడికెళ్ళమని ఆర్డరండి. ఏ ఇల్లయినా నంబరు కొట్టమన్నారు. పెద్దోళ్ళ ఇళ్ళు వదిలెయ్యమని ఎక్కడా లేదండి, ఆయ్."

మర్నాడు పొద్దున్నే నాకు బంగళా నుంచి కబురొచ్చింది. భజన జరిగిందని సాక్ష్యం చెప్పాలట.

కమిషనర్ గారు వరండాలో కూర్చుని పెసరట్టు తింటున్నారు. త్రివిక్రమరావు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన హేమచంద్ర ల్యాప్‌టాప్ పట్టుకుని తెల్లబోయి ఉన్నాడు.

"సార్, తమరు దయచేసి పడుకోవాలి," అన్నారు త్రివిక్రమరావు గారు. "తమకు టైఫాయిడ్."

"నాకేం జ్వరం లేదయ్యా!"

"లేదని తమరంటున్నారు సార్. మగ్గాల వీధివారు ఉందన్నారు. వారి మాటా మనం తీసుకోలేదు. వ్యక్తిగత అభిప్రాయాలకు నమూనాలో తావు లేదు సార్."

"అయితే మీ నమూనాయే తప్పు చెప్పిందేమో."

కమిషనర్ గారి తల వెనక గోడకి, రాత్రి తగిలించిన పురస్కారం అద్దాల ఫ్రేములో మెరుస్తోంది. మోడల్ గారు ఎప్పుడూ తప్పు చెప్పలేదని దాని మీద బంగారు అక్షరాలతో ఉంది. త్రివిక్రమరావు గారు దాన్ని చూశారు. హేమచంద్ర చూశాడు. చివరికి కమిషనర్ గారు కూడా వెనక్కి తిరిగి చూశారు. పెసరట్టు పక్కన పెట్టేశారు.

"ఎన్నాళ్ళు పడుకోవాలి?" అన్నారు నీరసంగా.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి జావ పట్టారు. ఇక కారణం తేల్చాలి. భజన అని రాద్దామంటే, అది డైరెక్టరు గారి కోరిక మీద జరిగింది. డైరెక్టరు గారి కోరికని వ్యాధికారకంగా రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆదాయం చూస్తే ఎక్కువ, చదువు ఎక్కువ, గదులు ఎక్కువ. హేమచంద్ర చాలాసేపు మీటలు నొక్కి తలెత్తాడు.

"ఒక తేడా ఉంది సార్. ఊరంతా పైపు నీళ్ళు తాగుతోంది. బంగళాలో మాత్రం డబ్బా నీళ్ళు తాగుతున్నారు. పైపు నీళ్ళు తాగే మగ్గాల వీధిలో టైఫాయిడ్ సున్నా. డబ్బా నీళ్ళు తాగే ఇంట్లో వచ్చింది."

"అంటే?" అన్నారు కమిషనర్ గారు దుప్పటిలోంచి.

"డబ్బా నీళ్ళు తక్షణం మానిపించాలి," అన్నారు త్రివిక్రమరావు గారు. "పూర్ణ ఆరోగ్యవంతమైన మగ్గాల వీధి జలమునే సార్‌కు పట్టించాలి. సోమలింగం గారూ, మీ కుళాయి నీళ్ళు ఒక బిందె తీసుకురండి."

నాకు ఒక సందేహం వచ్చింది. అడక్కపోతే తప్పవుతుందని అడిగాను. "మొదటి బిందె తెమ్మంటారా అండి, మూడో బిందె తెమ్మంటారా?"

"తేడా ఏమిటి?"

"మొదటిది నల్లగా ఉంటదండి."

"మొదటిదే తెండి. నీరు స్వచ్ఛమైన స్థితిలో ఉండాలి."

తెచ్చాను. కమిషనర్ గారి ఇల్లాలు మూత తీసి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. గ్లాసులో పోస్తే అందులోంచి సన్నటి ఎర్ర పురుగు ఒకటి పైకొచ్చి, గదిలో ఉన్నవాళ్ళందర్నీ చూసి, మళ్ళీ కిందికి వెళ్ళింది. కమిషనర్ గారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఇది... ఇది మీరు రోజూ తాగుతున్నారా?"

"మూడో బిందె తాగుతామండి."

"మందులాగా పుచ్చుకోండి సార్," అన్నారు త్రివిక్రమరావు గారు. "పూటకి రెండు గ్లాసులు."

కమిషనర్ గారు గ్లాసు వంక, గోడ మీది పురస్కారం వంక మార్చి మార్చి చూశారు. నాకు జాలేసింది. చివరికి, మందు కాస్త శుభ్రంగా ఉంటే బాగా పనిచేస్తుందేమోనన్నారు. ఆ మాట మోడల్ గారికి విరుద్ధం కాదని హేమచంద్ర చూసి చెప్పాడు. వెంటనే ఇంజినీరింగ్ వాళ్ళకి ఫోన్లు వెళ్ళాయి.

ఆ సాయంత్రం మా వీధి మొదట్లోకి జేసీబీ వచ్చింది. మురుగుకాలవ పక్కకి తప్పించి కొత్త పైపు వేశారు. నా మర ముందు పోలారావు బల్ల వేసుకుని కూర్చుని, భజన వినపడుతుందేమోనని అలవాటు కొద్దీ చెవి ఒగ్గాడు. జేసీబీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ కోసమనుకుంటాను.

కొత్త పైపులోంచి మొదటి బిందె తెల్లగా వచ్చింది. మేం నమ్మక మూడో బిందె దాకా ఆగాం. మూడోది కూడా తెల్లగానే ఉంది. ఆ నీళ్ళే కాచి, చల్లార్చి మాణిక్యాంబకి ఇచ్చాను. ఆవిడ గ్లాసు వాసన చూసి, ఒక్క గుక్కలో తాగేసి, ఇంకో గ్లాసు అడిగింది.

జ్వరం మళ్ళీ రాలేదు. జుట్టు కొంత ఊడింది గానీ మనిషి లేచి తిరుగుతోంది. ఎర్ర పురుగు నీళ్ళు తాగాల్సిన పని లేకుండానే కమిషనర్ గారు కూడా కోలుకున్నారు. మొత్తం వార్డులో టైఫాయిడ్ తగ్గింది. దీనికి కారణం గృహ భజన నియంత్రణేనని త్రివిక్రమరావు గారు నివేదిక రాశారట. పైపు సంగతి అందులో లేదు. ఇప్పుడు కూడా అందరికీ ఒకటే పైపు కాబట్టి తేడా లేదట.

డోలక్ ఈసారి పూర్తిగా తిరిగిచ్చేశారు. కిందటి సోమవారం మా ఇంట్లో, జ్వరం లేదని ధ్రువపత్రం తెచ్చుకుని, భజన పెట్టుకున్నాం. మాణిక్యాంబ మంచం మీద కాదు, చాప మీద కూర్చుని తాళం వేసింది. మధ్యలో చిట్టబ్బాయి ఆగి, "బావా, మన రోడ్డు గుంటల సంగతేటి? ఇంజినీరు గారింట్లో ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, ఆలోచించాను.

భజన వల్ల జ్వరం తగ్గుతుందని నాకు చిన్నప్పట్నుంచీ నమ్మకం. ఆ నమ్మకం ఇప్పుడు మరింత గట్టిపడింది. ఎవరింట్లో చేయాలన్న ఒక్క సంగతే ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు.